గీజర్ నుంచి ఇస్త్రీ పెట్టె దాకా: గార పట్టే నీళ్ల నుంచి మెషీన్లను కాపాడుకోవడం

నేను గీజర్లు, వాషింగ్ మెషీన్లు, డిష్‌వాషర్లు రిపేర్ చేస్తాను. నీళ్లతో పనిచేసే ఏ మెషీన్ విప్పినా ముందు చూసేది అందులో నీళ్లు కాగే చోటునే. తళతళలాడాల్సిన గీజర్ కాయిల్ తెల్లగా, గరుకుగా, వేలెడు మందాన గార కట్టి బయటికొచ్చిందంటే ఆ ఇంట్లో షవర్ ఎలా ఉంటుందో, తువ్వాళ్లు ఎంత గరుగ్గా తయారయ్యాయో, ఇస్త్రీ పెట్టె బట్టల మీద ఏం కక్కుతోందో చూడకుండానే చెప్పేయొచ్చు. అన్నిటికీ పట్టిన జబ్బు ఒక్కటే.

చాలామంది దీన్ని మెషీన్ తప్పు అనుకుంటారు. ‘కంపెనీ మార్చినా అదే గోల’ అంటారు. కంపెనీ మారినా నీళ్లు అవే కదా. ఇంటికొచ్చే నీళ్లను మార్చుకోవడం అందరివల్లా అయ్యే పని కాదని నాకూ తెలుసు. అయితే గార ఎక్కడపడితే అక్కడ పట్టదు. నీళ్లు వేడెక్కే చోట, ఆవిరయ్యే చోట, చుక్క నిలిచి ఆరిపోయే చోట పడుతుంది. ఒక్కో మెషీన్‌లో ఆ చోట్లు ఏవో తెలుసుకుని, కుదిరిన చోట వేడి తగ్గించి, గార పలచగా ఉండగానే వదిలించుకుంటే అవే నీళ్లతో మెషీన్ ఎన్నో ఏళ్లు ఎక్కువ పనిచేస్తుంది. ఆ పని ఎలాగో ఇక్కడ చెప్తాను.

నీళ్లలో ఏముంది

వాన నీరు నేలలోకి ఇంకుతూ గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. దాంతో కాస్త ఆమ్లగుణం వస్తుంది. ఆ నీరు సున్నపురాయి లాంటి పొరల గుండా వెళ్లినప్పుడు కాల్షియం, మెగ్నీషియం కరిగి కలుస్తాయి. గ్లాసులో పోసి చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి. ఆ రెండూ ఒంటికి కావలసిన ఖనిజాలే కాబట్టి వాటి గురించి భయపడక్కర్లేదు. చిక్కంతా నీళ్లు కాచినప్పుడే. వేడి తగలగానే కాల్షియం బైకార్బొనేట్ విడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, కాల్షియం కార్బొనేట్ మిగిలిపోతుంది. పంచదార వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది. ఇది దానికి తలకిందులు, నీళ్లు వేడెక్కేకొద్దీ కరగడం తగ్గిపోతుంది. అందుకే గీజర్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే కాయిల్ మీదే ముందు పేరుకుంటుంది.

సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం మాత్రం కాచినా పోవు. నీళ్లు కాచి చల్లార్చి వాడితే హార్డ్‌నెస్ (నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం మోతాదు) మొత్తం పోతుందనుకోవడం అందుకే సరికాదు. సగం పోవచ్చు, కొంచెమే పోవచ్చు, అది మీ నీళ్లలో ఏది ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఒక లెక్క చూడండి. లీటరుకు 300 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ ఉన్న నీళ్లు 100 లీటర్లు తీసుకుంటే అందులో 30 గ్రాముల ఖనిజం ఉన్నట్టు. ఇంట్లో రోజుకు 100 లీటర్ల వేడినీళ్లు వాడితే ఏడాదికి దాదాపు 11 కిలోలు గీజర్ గుండా వెళ్తుంది. చాలా భాగం నీళ్లతోపాటే బయటికి పోతుంది. పదో వంతు లోపల నిలిచిపోయినా కిలో పైనే. గీజర్ విప్పినప్పుడు బకెట్లోకి పెచ్చులు పెచ్చులుగా రాలేది అదే.

మీ నీళ్ల సంగతి తెలుసుకోవడం

ఇక్కడ చాలామంది టీడీఎస్ (నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చెప్పే అంకె) మీటర్ ముంచి చూసి, అంకె ఎక్కువుంటే హార్డ్ వాటర్ అనేసుకుంటారు. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో, అంతే. అందులో మామూలు ఉప్పు కరిగినా అంకె పెరుగుతుంది. మామూలు ఉప్పు గార కట్టదు. హార్డ్‌నెస్ కావాలంటే హార్డ్‌నెస్ కిట్‌తోనే చూడాలి. చుక్కలు వేసే కిట్లు దొరుకుతాయి. కొలత ప్రకారం నీళ్లు పోసి, రంగు మందు కలిపితే ముదురు ఎరుపు వస్తుంది. రెండో సీసాలోని ద్రావణం ఒక్కో చుక్కా వేసి కదుపుతూ పోతే ఒక చుక్క దగ్గర ఎరుపు పూర్తిగా పోయి నీలం తేలుతుంది. అప్పటిదాకా వేసిన చుక్కల్ని కిట్‌తో వచ్చిన కాగితంలో చెప్పిన అంకెతో గుణిస్తే లెక్క వస్తుంది. ముంచి చూసే పట్టీలు కూడా ఉన్నాయి, సుమారుగా చెప్తాయి. మెషీన్ సెట్టింగ్ కోసం అయితే చుక్కల కిట్‌నే నమ్మండి.

లీటరుకు 60 మిల్లీగ్రాముల లోపు ఉంటే మెత్తని నీళ్లు. 61 నుంచి 120 దాకా మధ్యరకం. 121 నుంచి 180 దాకా హార్డ్ వాటర్. 180 దాటితే బాగా హార్డ్. మెషీన్లతో వచ్చే పుస్తకాల్లో వేరే కొలతలు కనిపిస్తే కంగారు పడకండి. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు, ఒక గ్రెయిన్ అంటే 17.1. మిల్లీగ్రాములు, పీపీఎం ఒకటే అనుకోవచ్చు.

కిట్ లేకపోతే సబ్బు పరీక్ష చేయండి. మూతున్న సీసా సగం నింపి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి బాగా గిలక్కొట్టండి. నురుగు నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తని నీళ్లే. నురుగు రాకుండా నీళ్లు పాలవిరుగులా అయితే హార్డ్ వాటర్. పక్కనే ఇంకో సీసాలో వాన నీళ్లతోనో, ఆర్ఓ నీళ్లతోనో అదే చేసి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. దీనికి డిటర్జెంట్ వాడకండి, అది హార్డ్ వాటర్‌లోనూ నురగనిస్తుంది.

గీజర్

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. ‘బాబూ, గీజర్ లోపల ఏదో గుడగుడమంటోంది, పేలుతుందేమో’ అని టెన్షన్ పడుతూ చేస్తారు. ఆ చప్పుడుకు కారణం గారే. కాయిల్ మీద పొర కట్టినప్పుడు దాని సందుల్లో కొద్దిగా నీళ్లు చిక్కుకుంటాయి. అవి అక్కడికక్కడే మరిగి ఆవిరై బయటికి తన్నుకొస్తాయి. దాన్నుంచే చిటపటలు, గుడగుడలు. ట్యాంకు పేలడానికి అది గుర్తు కాదు, కాయిల్ ఆయుష్షు తగ్గుతోందనడానికి గుర్తు.

కాయిల్ ఎలా పోతుందో దగ్గరగా చూస్తే గార మీద అశ్రద్ధ చేయాలనిపించదు. పైన కనిపించేది లోహపు గొట్టం. దాని నడుమ సన్నటి నైక్రోమ్ తీగ, తీగకూ గొట్టానికీ మధ్య దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటును మాత్రం తీగ దాటనివ్వదు. గొట్టం చుట్టూ నీళ్లు తగులుతూ ఉంటే వేడి ఎప్పటికప్పుడు నీళ్లలోకి వెళ్లిపోతుంది. గార దుప్పటిలా కప్పేస్తే వేడి బయటికి పోలేక గొట్టం తట్టుకోవాల్సిన దానికంటే ఎక్కువ కాలుతుంది. ఎన్నోసార్లు అలా కాలి, చల్లారి, చివరికి సన్నటి పగులు వస్తుంది. పగులు గుండా నీళ్లు పొడిలోకి చేరగానే కరెంటు లీకవుతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో అది టక్కున పడిపోతుంది. గీజర్ వేసినప్పుడల్లా అది పడిపోతుంటే మాటిమాటికీ పైకి లేపి స్నానానికి వెళ్లకండి. అది మీ ప్రాణం కాపాడుతోంది. గీజర్ ఆపేసి కాయిల్ చూపించండి.

కరెంటు బిల్లు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని మీద అతిశయోక్తులు ఎక్కువ. స్టోరేజ్ గీజర్‌లో కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది. గార ఉన్నా, అది ఖర్చుచేసిన కరెంటు వేడిగా మారి చివరికి నీళ్లలోకే చేరాలి. కాబట్టి పలచటి గారకే బిల్లు విపరీతంగా పెరిగిపోతుందంటే నేను ఒప్పుకోను. నష్టం వేరే దారుల్లో వస్తుంది. కాయిల్ మాడిపోతుంది. ట్యాంకు అడుగున పెచ్చులు చేరి నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది. థర్మోస్టాట్ గొట్టానికి గార పడితే వేడి ఆలస్యంగా తెలిసి, నీళ్లు ఒకసారి సలసల కాగుతాయి, ఒకసారి గోరువెచ్చగా వస్తాయి. గ్యాస్ గీజర్ సంగతి మాత్రం వేరు. అందులో మంట బయట, నీళ్లు సన్నటి గొట్టాల్లో. గొట్టం లోపల పొర కడితే నీళ్లలోకి చేరాల్సిన వేడి పొగతో కలిసి బయటికి పోతుంది. అక్కడ ఇంధనం నిజంగానే వృథా. నీటి ధార సన్నబడుతుంది, వేడి మితిమీరి మధ్యమధ్యలో ఆగిపోతుంది కూడా.

ఇప్పుడు చేయాల్సిన పనులు. మొదటిది, ఈ రోజే చేయగలిగేది, థర్మోస్టాట్ తిప్పడం. 75 దగ్గర పెట్టి, బకెట్లో సగం చన్నీళ్లు కలుపుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. 60 డిగ్రీలు దాటాక గార పేరుకునే వేగం బాగా పెరుగుతుంది. అలాగని మరీ 45కి దించి రోజంతా నీళ్లు నిల్వ ఉంచినా మంచిది కాదు, గోరువెచ్చని నిల్వ నీళ్లలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకే నేను 60 దగ్గర పెట్టమంటాను. 60 డిగ్రీల నీళ్లకు కూడా చర్మం కాలుతుంది, ముఖ్యంగా చిన్నపిల్లలకు. బకెట్లో చన్నీళ్లు ముందు పట్టి, తర్వాత వేడినీళ్లు వదలండి.

రెండోది, సర్వీస్. బాగా హార్డ్ వాటర్ వచ్చే ఇంట్లో ఏడాదికోసారి కాయిల్ బయటికి తీసి శుభ్రం చేయించండి. మధ్యరకం నీళ్లయితే రెండేళ్లకోసారి సరిపోవచ్చు. ఈ పని కరెంటు పని తెలిసినవాళ్లతోనే చేయించండి. అయితే సరిగ్గా చేస్తున్నారో లేదో మీరు చూసుకోవాలి, అందుకని వరస చెప్తాను. స్విచ్ ఒక్కటే కాదు, కరెంటు బోర్డులో గీజర్‌కు ఉన్న ఎమ్‌సీబీ (బ్రేకర్) కూడా దించాలి. నీళ్లు పూర్తిగా చల్లారాలి. చన్నీళ్ల వాల్వ్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచి, ట్యాంకు ఖాళీ చేయాలి. కాయిల్ బిగించిన ప్లేటు నట్లు విప్పి మెల్లగా బయటికి తీయాలి. కాయిల్‌ను సుత్తితో కొట్టకూడదు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక గీకాలి. వైర్లు కలిపే చివర తడవకూడదు. ట్యాంకు అడుగున ఉన్న పెచ్చుల్ని చేత్తో తీసి, చన్నీళ్లు వదిలి కడగాలి. ట్యాంకు లోపల గాజు పూత ఉంటే గీకుడుకర్ర పెట్టనివ్వకండి, పూత లేచిపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. మూత పెట్టేటప్పుడు కొత్త వాషర్ వేయించండి. పాతది అప్పటికే అణిగిపోయి ఉంటుంది, కొన్నాళ్లకు కారుతుంది.

కాయిల్ తీసినప్పుడే పక్కన యానోడ్ రాడ్ చూడండి. మెగ్నీషియంతో చేసిన కడ్డీ అది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోతూ ఉంటుంది. కొత్తది బొటనవేలంత లావుంటుంది. అరిగి మధ్యలోని ఇనుప తీగ బయటపడితే మార్చాల్సిందే. సర్వీస్ చేసి ఇది చూడకుండా వెళ్లిపోయినవాళ్లు సగం పనే చేసినట్టు. కాయిల్ ఎన్నిసార్లయినా మార్చొచ్చు, ట్యాంకుకు చిల్లు పడితే గీజరే పోయినట్టు.

అంతా బిగించాక కరెంటు వేసే ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగాలి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వేస్తే నిమిషాల్లో కాలిపోతుంది.

మూడోది సేఫ్టీ వాల్వ్. దీని గురించి గట్టిగా చెప్తున్నాను. 25 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కి పోయే దారి లేకపోతే ఆ పెరిగిన నీళ్లు వాల్వ్ నుంచి చుక్కలుగా కారతాయి, కారాలి. కారుతోందని దానికి బిరడా కొట్టేసినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, చేయనివ్వకండి. గార పట్టి ఆ వాల్వ్ తనంతట తానే బిగుసుకుపోవచ్చు కూడా. మీట ఉన్న వాల్వ్ అయితే నెలకో, రెండు నెలలకో నీళ్లు చల్లగా ఉన్నప్పుడు పైకెత్తి చూడండి. నీళ్లు వచ్చి, మీట దించగానే ఆగితే బాగుంది. నీళ్లు రాకపోతే మార్పించేదాకా గీజర్ వేయకండి.

వాషింగ్ మెషీన్

ఇక్కడ నష్టం రెండు వైపులా. మెషీన్‌కూ, బట్టలకూ.

డిటర్జెంట్ పౌడర్‌లో మురికి వదిలించే మందుతోపాటు కాల్షియంను పట్టి ఉంచే పదార్థాలు కూడా కలుపుతారు. హార్డ్ వాటర్‌లో అవి త్వరగా ఖర్చయిపోతాయి. మిగిలిన కాల్షియం బట్టల నూలులో చేరి బిగుసుకుంటుంది. తెల్లబట్టలు బూడిదరంగు తిరగడం, తువ్వాలు ఆరాక నిలబెడితే నిలబడేంత గట్టిపడటం దీనివల్లే. ప్యాకెట్ వెనక హార్డ్ వాటర్‌కు ఎంత వేయాలో రాసి ఉంటే ఆ కొలతే వేయండి. అంతకు మించి వేస్తే గార తగ్గదు, పౌడర్ సరిగ్గా జాడించబడక అదొక తలనొప్పి. లిక్విడ్ల కంటే పౌడర్లలో కాల్షియంను పట్టే పదార్థాలు సాధారణంగా ఎక్కువ ఉంటాయి కాబట్టి బాగా హార్డ్ వాటర్ ఉన్నవాళ్లకు నేను పౌడరే మేలంటాను. ఇప్పటికే గట్టిపడ్డ తువ్వాళ్లను బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, మంచినీళ్లలో బాగా జాడించండి. రంగు పోయే గుడ్డ అయితే ముందు మూల తడిపి చూసుకోండి.

ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో డ్రమ్ము కింద హీటర్ ఉంటుంది. గీజర్ కాయిల్‌కు జరిగేదే దానికీ జరుగుతుంది. రోజువారీ బట్టలకు 30, 40 డిగ్రీలు చాలు. బాగా హార్డ్ వాటర్ అయితే రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, సబ్బు లేకుండా 60 డిగ్రీల ప్రోగ్రామ్ నడపండి. తర్వాత ఒకసారి ఖాళీగానే జాడింపు. మీ మెషీన్ పుస్తకంలో ఫలానా డీస్కేలర్ (గార వదిలించే మందు) మాత్రమే వాడమని ఉంటే, వారంటీ ఉన్నన్నాళ్లూ అదే వాడటం మంచిది. 90 డిగ్రీల్లో మాత్రం నిమ్మ ఉప్పు వేయకండి. గారతో కలిసి ఏర్పడే కాల్షియం సిట్రేట్ కూడా వేడి ఎక్కువైతే కరగడం తగ్గి తెల్లపొడిగా అంటుకుంటుంది. ఒక గార పోయి ఇంకోటి వచ్చినట్టవుతుంది.

హీటర్ లేని టాప్ లోడ్‌లో ఆ బాధ తక్కువ. కానీ రెండింటిలోనూ నీళ్లు లోపలికి వచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది. మెషీన్ నీళ్లు ఎక్కించుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంటే, లేదా నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపిస్తుంటే, మెకానిక్‌ని పిలిచే ముందు ఇది చూడండి. ప్లగ్ తీసి, కుళాయి కట్టేసి, మెషీన్ వెనక పైపు విప్పితే లోపల జాలీ కనిపిస్తుంది. పట్టకారుతో మెల్లగా లాగి, నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట వేసి, పాత బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టేయండి. ఎన్నో ఇళ్లలో నేను చేసిన రిపేరంతా ఇదే.

నిమ్మ ఉప్పు, వెనిగర్, యాసిడ్

నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్. గార మీద పడగానే బుసబుస పొంగుతుంది, అది కార్బన్ డయాక్సైడ్. గ్రాము గార కరగాలంటే దాదాపు 1.3 నుంచి 1.4 గ్రాముల నిమ్మ ఉప్పు కావాలి. ఈ లెక్క తెలిస్తే ఒక చెంచా వేసి పని కాలేదని నిరాశపడరు. గార ఎక్కువుంటే ఎక్కువ వేయాలి, లేదా రెండుసార్లు చేయాలి. 5 శాతం వెనిగర్ లీటరు పోసినా కరిగేది మహా అయితే 40 గ్రాముల గార. వాసన కూడా వదలదు, రబ్బరు మీద తరచుగా వాడితే రబ్బరు పాడవుతుంది. షవర్‌కూ కుళాయి మూతి జాలీకీ వెనిగర్ బాగానే పనిచేస్తుంది, మెషీన్లకు నేను నిమ్మ ఉప్పే వాడతాను.

కెటిల్‌తో మొదలుపెడితే చేయి తిరుగుతుంది. లీటరు నీళ్లు గోరువెచ్చగా చేసి, ప్లగ్ తీసేసి, రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. పారబోసి, రెండుసార్లు మంచినీళ్లు కాచి పారబోయండి. అల్యూమినియం పాత్రల్లో ఇలా నానబెట్టకండి, ఆమ్లం లోహాన్నే తింటుంది. నిమ్మ ఉప్పు వేసినా పొంగు రాకుండా గార అలాగే ఉంటే అది సల్ఫేట్ గారో, సిలికా గారో అయ్యుంటుంది. వాటికి మెల్లగా గీకడమే దారి.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను గీజర్ ట్యాంకులో పోయడం చూశాను. గార పోతుంది, నిజమే. దాంతోపాటు ఇత్తడి, స్టీలు, పూత అన్నీ పోతాయి, ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంట్లో ఆ పని వద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి. నిమ్మ ఉప్పు, వెనిగర్, యాసిడ్ ఏదైనా సరే బ్లీచింగ్ పౌడర్‌తోగాని, లిక్విడ్ బ్లీచ్‌తోగాని కలవకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. డ్రమ్ము ఒక రోజు బ్లీచ్‌తో కడిగితే, బాగా జాడించి ఇంకో రోజు నిమ్మ ఉప్పు వేయండి.

మిగతా మెషీన్లు

డిష్‌వాషర్‌లో చాలా రకాలకు సొంత సాఫ్ట్‌నర్ (నీళ్ల హార్డ్‌నెస్ తగ్గించే పరికరం) ఉంటుంది. అడుగున ఉప్పు డబ్బా అందుకే. అందులో డిష్‌వాషర్ ఉప్పే వేయాలి. వంటింటి ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి, సాఫ్ట్‌నర్ లోపల కాల్షియంను పట్టే రెజిన్ పూసలు పాడవుతాయి. ఉప్పు వేసి ఊరుకుంటే చాలదు, మీ నీళ్ల హార్డ్‌నెస్ ఎంతో మెషీన్‌లో సెట్ చేయాలి. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. గ్లాసుల మీద తెల్లపొర కనిపిస్తే కాస్త వెనిగర్ రాసి చూడండి. పోతే గార, హార్డ్‌నెస్ సెట్టింగ్ పెంచండి. పోకపోతే గాజే అరిగింది, అది తిరిగి రాదు. అలా అరగడం మరీ మెత్తని నీళ్లలో, ఎక్కువ వేడిలో, ఎక్కువ సబ్బుతో జరుగుతుంది.

స్టీమ్ ఇస్త్రీ పెట్టెలో నీళ్లు పూర్తిగా ఆవిరైపోతాయి, ఖనిజమంతా లోపలే మిగులుతుంది. ఆవిరి రంధ్రాల నుంచి తెల్లపెచ్చులు రాలి చీరకు అంటితే ఇదే కారణం. డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసేసిన) నీళ్లు వాడండి. పుస్తకంలో కుళాయి నీళ్లు సగం కలపమని ఉంటే అలాగే చేయండి. ఏసీ నుంచి కారే నీళ్లు పోయకండి, అందులో దుమ్ము, బూజు ఉంటాయి. సాఫ్ట్‌నర్ నీళ్లూ వద్దు, వాటిలో గార కట్టేది లేకపోయినా ఉప్పు ఉంటుంది. పనయ్యాక మిగిలిన నీళ్లు వేడిమీదే వంపేయండి.

కూలర్‌లోనూ అంతే. నీళ్లు ఎగిరిపోతాయి, ఖనిజం ట్యాంకులో చిక్కబడుతూ ఉంటుంది. రోజూ పైన నీళ్లు నింపుతూ పోకుండా వారానికోసారి మొత్తం వదిలేసి కొత్తవి పట్టండి. ప్యాడ్లు ఎక్కువ కాలం గాలి ఆడనిస్తాయి.

ఆర్ఓలో వేడి లేదు కానీ నీళ్లు చిక్కబడతాయి. మూడు లీటర్లు లోపలికి వెళ్లి ఒక లీటరు మంచినీళ్లు వస్తే, బయటికి పోయే రెండు లీటర్లలో ఖనిజం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అదే మెంబ్రేన్ (నీళ్లను వడగట్టే పొర) మీద గార కడుతుంది. వృథా నీళ్లు పోయే పైపును బిగించి నీళ్లు ఆదా చేద్దామనుకుంటే మెంబ్రేన్ త్వరగా పోతుంది. ఆ నీళ్లు పట్టుకుని నేల తుడవడానికి, టాయిలెట్‌కు వాడుకోండి. కూలర్‌కు, వాషింగ్ మెషీన్‌కు మాత్రం వద్దు, అవి కుళాయి నీళ్లకంటే హార్డ్.

సాఫ్ట్‌నర్ పెట్టించాలా

హార్డ్‌నెస్ 300 దాటి, ఏటా కాయిల్ మారుస్తూ, షవర్లు మూసుకుపోతూ ఉంటే పెట్టించడం మంచిదే. ఇందులో రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియంను వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఒకదాని చోట ఇంకోటి వస్తుంది కాబట్టి టీడీఎస్ తగ్గదు. ‘సాఫ్ట్‌నర్ పెట్టినా టీడీఎస్ అలాగే ఉంది, మోసపోయాం’ అని బాధపడేవాళ్లు చాలామంది. అది పనిచేస్తోందో లేదో హార్డ్‌నెస్ కిట్ చెప్తుంది, టీడీఎస్ మీటర్ చెప్పలేదు.

హార్డ్‌నెస్ 100 మిల్లీగ్రాములు తగ్గితే సోడియం దాదాపు 46 మిల్లీగ్రాములు చేరుతుంది. 300 ఉన్న నీళ్లలో అది లీటరుకు 138 మిల్లీగ్రాములు. అందుకని తాగే, వండే నీళ్ల లైన్‌ను సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయించండి. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఇంట్లో ఉంటే ఇది తప్పనిసరి. మొక్కల కుళాయి కూడా ముందే తీయించండి, సోడియం చేరేకొద్దీ మట్టి బిగిసిపోతుంది. ప్లంబింగ్ మొదలుకాకముందే ఈ రెండు లైన్లూ చెప్పాలి, తర్వాత గోడలు పగలగొట్టాలి. సాఫ్ట్‌నర్ పెట్టాక గీజర్‌లో యానోడ్ రాడ్ త్వరగా అరగొచ్చు, కాబట్టి గార లేదు కదా అని సర్వీస్ మానకండి.

పైపుకు తగిలించే అయస్కాంతాల గురించి తరచూ అడుగుతారు. వాటి ఫలితాలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటాయి. వాటిని నమ్ముకుని కాయిల్ చూడటం మానేయమని నేనెవరికీ చెప్పను. వాషింగ్ మెషీన్ పైపుకు బిగించే పాలిఫాస్ఫేట్ డబ్బాలు కాస్త నయం, కాల్షియంను గార కట్టకుండా పట్టి ఉంచుతాయి. నీళ్లు బాగా వేడెక్కితే వాటి పట్టు సడలుతుంది, అందుకే 75లో పెట్టిన గీజర్‌ను అవి కాపాడలేవు. లోపలి పదార్థం కరిగిపోయిందేమో అప్పుడప్పుడు మూత విప్పి చూసి నింపుకోవాలి.

సాఫ్ట్‌నర్ ఉన్నవాళ్లు నెలకోసారి దాని తర్వాతి కుళాయి నీళ్లు కిట్‌తో చూడండి. రెండో చుక్కకే నీలం తేలితే సరే. అంకె పెరిగితే ముందు ఉప్పు డబ్బా చూడండి. ఉప్పు అయిపోయి ఉంటుంది, లేదా పైన గట్టి పొరలా బిగుసుకుని కింద ఖాళీగా ఉంటుంది. కర్రతో మెల్లగా పొడిచి ఆ పొర విరగ్గొట్టి, ఒకసారి రీజెనరేషన్ (పూసల్ని ఉప్పునీళ్లతో కడగడం) నడిపి, మర్నాడు మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే రెజిన్ చూపించాల్సిన సమయం వచ్చినట్టు.